తెర వచ్చింది, తర్ఫీదు ఎప్పుడు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రభుత్వ పాఠశాలల్లో డిజిటల్ తరగతి గదుల గురించి, వాటికి జిల్లా స్థాయిలో జరగవలసిన ప్రణాళిక గురించి, ఉపాధ్యాయుల శిక్షణ గురించి ఈ మధ్య మాకు ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని. వచ్చే విద్యా సంవత్సరానికి డిజిటల్ తరగతుల ప్రతిపాదనలు తయారుచేసే జిల్లా కమిటీలో నన్ను కూడా వేశారు. మొదటి సమావేశం మొత్తం ఏ బడికి ఎన్ని ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ఎన్ని కంప్యూటర్లు అన్న లెక్కతోనే గడిచిపోయింది. ఇలా మొదలుపెట్టడం సరైనదేనా? – ప్రకాశం జిల్లా

జవాబు: మేడమ్, మీ సందేహం సరైనదే. కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద జిల్లాలు ఏటా పంపే వార్షిక కార్యప్రణాళిక, ప్రతి బడీ ఏటా నింపే యూడైస్ ప్లస్ వివరాల ఆధారంగా తయారవుతుంది. ఆ వివరాల్లో కంప్యూటర్ ఉందా, ప్రొజెక్టర్ ఉందా, ఇంటర్నెట్ ఉందా అన్న గడులు ఉంటాయి గానీ, ఉన్న పరికరంతో ఎవరు ఏ పాఠం ఎలా చెబుతున్నారో రాసే గడి ఉండదు. అందువల్ల కమిటీలో కూర్చున్నవారు ఎంత మంచివారైనా చర్చ వస్తువుల సంఖ్య చుట్టూనే తిరుగుతుంది. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి.

ముందుగా ఒక వారం కేటాయించుకుని, మండలానికి రెండు మూడు బడుల చొప్పున కమిటీ సభ్యులే స్వయంగా వెళ్లి చూడండి. ప్యానెల్ పనిచేస్తోందా అని అడిగితే చాలాచోట్ల పనిచేస్తోందనే చెబుతారు. అలా అడగకుండా, గత నెలలో దాన్ని ఏ తరగతికి, ఏ సబ్జెక్టులో, ఎన్ని పీరియడ్లు వాడారో ఉపాధ్యాయుల పాఠ్య పథకాలు తిరగేసి చూడండి. గదిని కూడా పరిశీలించండి. తూర్పు కిటికీకి ఎదురుగా బిగించిన తెర మీద ఉదయం మొదటి రెండు పీరియడ్లూ ఎండ పడుతుంది, మూడో బెంచీ నుంచి అక్షరాలు ఆనవు. ఆ కిటికీకి ఒక మందపాటి గుడ్డ కట్టించడానికి ఏ పద్దులోనూ డబ్బు ఉండదు గనుక ఆ గదిలో ప్యానెల్ మధ్యాహ్నం మాత్రమే వెలుగుతుంది. ప్లగ్ పాయింటు బల్లకు అవతలి గోడకు ఉందా, ఎర్తింగ్ ఉందా, వోల్టేజీ పడిపోయినప్పుడు ప్యానెల్ దానంతట అదే ఆరిపోతోందా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో పది నిమిషాలు వీటికే పోతే ఏ ఉపాధ్యాయుడైనా మర్నాడు సుద్దముక్కనే నమ్ముకుంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

తర్వాత, ప్రణాళిక రాసే వరుసను మార్చండి. మొదట మీ జిల్లా పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తేల్చుకోవాలి. ఆరు, ఏడు తరగతుల్లో భిన్నాలు రావడం లేదా? ఎనిమిదో తరగతి భౌతిక, జీవశాస్త్రాల్లో కంటికి కనిపించని విషయాలు అర్థం కావడం లేదా? తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ పాఠం వినికిడిలోనే అందడం లేదా? వీటిలో రెండు మూడింటిని ఎంచుకుని, వాటిలో తెర నిజంగా సాయపడే పాఠాలు ఏవో సబ్జెక్టు ఉపాధ్యాయులతో కూర్చుని గుర్తించండి. ఆ పాఠాలు చెప్పడానికి ఉపాధ్యాయులకు ఎంత తర్ఫీదు కావాలో, ఆ తర్ఫీదుకు ఎన్ని పనిదినాలు కావాలో రాయండి. ఆ తర్వాత మరమ్మతుల సంగతి రాయండి. కొనుగోలు జాబితా అన్నిటికంటే చివర రావాలి. ఈ వరుసలో వెళ్తే, మొదట మీరు అనుకున్న ప్యానెళ్ల సంఖ్య సగానికి తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

డబ్బు విషయంలో ఒక సంగతి గమనించండి. సమగ్ర శిక్ష నిబంధనల్లో ఐసీటీ ల్యాబ్‌కు (కంప్యూటర్ గదికి) ఒకసారి ఇచ్చే మొత్తం బడికి రూ. 6.40 లక్షల వరకు ఉంటే, నిర్వహణకు ఏటా రూ. 2.40 లక్షల వరకు అయిదేళ్లపాటు ఇచ్చే వీలుంది. అదే స్మార్ట్ తరగతి గదులకు వచ్చేసరికి ఒకసారి ఇచ్చేది రూ. 2.40 లక్షలు, ఏటా ఇచ్చేది రూ. 38 వేలు మాత్రమే. అంటే స్మార్ట్ తరగతిని ఎంచుకున్న జిల్లా, దాన్ని నడపడానికి కావలసిన మనుషులను, మరమ్మతులను వేరే చోటు నుంచి తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచి తెస్తారో ప్రతిపాదనలోనే రాసి ఉండాలి. నన్నడిగితే, మొత్తంలో కనీసం నాలుగో వంతు శిక్షణకు, మరో నాలుగో వంతు నిర్వహణకు పక్కన పెట్టని ప్రణాళికపై కమిటీ సభ్యురాలిగా మీరు సంతకం చేయకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన చరిత్రలోనే ఉంది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ప్రైవేటు సంస్థలు పరికరాలు పెట్టి, బోధకులను నియమించి, అయిదేళ్లు నడిపి తర్వాత బడికి అప్పగించే పద్ధతి అది. ఆ అయిదేళ్లలో చాలా బడుల్లో పిల్లలు కంప్యూటర్ ముట్టుకున్నది నిజం. కానీ కంప్యూటర్ తెలిసిన మనిషి బయటి మనిషి. గణితం మాస్టారికీ, సైన్సు టీచరుకూ ఆ గదితో పని పడలేదు. గడువు ముగిసి బోధకులు వెళ్లిపోయాక, ఆ గదుల తాళం చెవులు ప్రధానోపాధ్యాయుల బీరువాల్లో చేరాయి. ఆనాటి ఉపాధ్యాయులు ఇప్పటికీ చాలామంది సర్వీసులో ఉన్నారు, వారిని మీ కమిటీకి పిలిచి మాట్లాడించండి.

కేరళ దీనికి భిన్నంగా నడిచింది. అక్కడ 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ప్రాజెక్టు మొదటి నుంచీ సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులనే మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేసుకుంది, తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగేదాన్ని) ఎంచుకుంది, పాఠ్యాంశాలను సొంతంగా చేసుకుంది. 2017లో అదే కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018 నుంచి 4,752 పాఠశాలల్లో 45,000 తరగతి గదులను హైటెక్ గదులుగా మార్చే పని చేపట్టేనాటికి వారి చేతిలో పదిహేనేళ్లకు పైబడిన శిక్షణ అనుభవం ఉంది. మనకు ఆ కాలం లేదు గానీ, ఆ వరుసను మాత్రం అనుసరించవచ్చు.

ప్రశ్న: మాకు వేసవి సెలవుల తర్వాత మూడు రోజులు డిజిటల్ బోధనపై శిక్షణ ఇచ్చారు. హాల్లో అరవై మందిమి ఉన్నాం. వచ్చాక వాడదామంటే ఏదీ గుర్తు లేదు. పై అధికారులు మాత్రం శిక్షణ పూర్తయింది గదా అంటున్నారు. అసలు ఉపాధ్యాయులకు ఎలాంటి శిక్షణ ఇస్తే ఉపయోగం? – ఒక ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు), నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు కూర్చున్న హాలు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ముందు వరుసకు అవతల ఒక ప్యానెల్, దాని పక్కన రిసోర్స్ పర్సన్. ఆయన వేలితో వృత్తం గీస్తారు, రంగు మారుస్తారు, వీడియో పెడతారు. వెనక బెంచీల వారికి ఆయన వీపు కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాజరు పట్టీ తిరుగుతుంది, లింకు వస్తుంది, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు. మూడో రోజు సాయంత్రం సర్టిఫికెట్ ఫోనుకు వస్తుంది. ఈ మూడు రోజుల్లో ప్యానెల్‌ను చేత్తో ముట్టుకున్నవారు అరవై మందిలో అయిదారుగురికి మించి ఉండరు. ఈత గురించి ఒడ్డున చెప్పి పంపినట్టే ఇది. మీకు గుర్తు లేకపోవడంలో వింత లేదు.

ఉపాధ్యాయ శిక్షణ మీద 1980ల తొలి ఏళ్లలోనే అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ చేసిన పని ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఉపన్యాసం వినిపించడం, చేసి చూపించడం, అక్కడే అభ్యాసం చేయించడం అనేవి అవసరమే అయినా, తిరిగి తన తరగతికి వెళ్లిన తర్వాత పక్కన ఒక తోటి మనిషి ఉండి చూసి సరిదిద్దితే తప్ప కొత్త పద్ధతి బోధనలో స్థిరపడదని వారు తేల్చారు. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, ఆయన సహచరులు అరవై అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇలాంటి పక్కనుండి నేర్పే పద్ధతి వల్ల బోధన మెరుగుపడుతుందనీ, పిల్లల చదువు మీదా దాని ప్రభావం కనిపిస్తుందనీ తేలింది. అయితే, పెద్ద సంఖ్యలో ఉపాధ్యాయులకు విస్తరించిన కార్యక్రమాల్లో ఆ ప్రభావం తగ్గిపోతోందని కూడా వారు గమనించారు. జిల్లా ప్రణాళికలు రాసేవారు ఈ రెండో మాటను దాటవేయకూడదు. అరవై మందికి ఒకే రోజు చెప్పడం కంటే, ఆరుగురికి ఆరు వారాలు చెప్పడమే సరైన లెక్క.

అది ఎలా ఉంటుందో ఒక పాఠంతో చెబుతాను. ఆరో తరగతిలో భిన్నాల పోలిక తీసుకోండి. మూడింట రెండు పెద్దదా, అయిదింట మూడు పెద్దదా అన్న ప్రశ్నకు ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలో ఒక వీడియో దొరికిందనుకోండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ నొక్కినా చాలా పాఠాలకు వస్తుంది. శిక్షణ పొందని తరగతిలో ఆ వీడియో మొదటి నుంచి చివరి దాకా ఆడుతుంది, పిల్లలు చూస్తారు, బెల్లు కొడతారు. అదే వీడియోను, రెండు పట్టీలు గీసి ఇంకా రంగు నింపని చోట ఉపాధ్యాయుడు ఆపి, ఏది పెద్దదో పలకల మీద రాసి పైకెత్తమంటే తరగతి మారిపోతుంది. అయిదు అంకె పెద్దది కాబట్టి అయిదింట మూడే పెద్దదని రాసిన పిల్లలు ఎంతమందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. వారిలో ఒకరిని పిలిచి ఎందుకు అలా అనుకున్నారో చెప్పించి, ఆ తర్వాతే వీడియో ముందుకు నడపాలి. ఇక్కడ నేర్చుకోవలసిన నైపుణ్యం మీట నొక్కడం కాదు, ఎక్కడ ఆపాలో ముందే తెలిసి ఉండడం. అది తోటి ఉపాధ్యాయుల మధ్య ఒకటికి రెండుసార్లు పాఠం చెప్పి చూస్తేనే వస్తుంది.

కాబట్టి చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే మీ కాంప్లెక్స్ సమావేశాన్నే ఇందుకు వాడుకోవచ్చు. సర్క్యులర్లు చదవడానికి పోయే సగం సమయాన్ని పక్కనపెట్టి, ప్రతి సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు ఒకే పాఠంలోని పదిహేను నిమిషాల భాగాన్ని తోటివారి ముందు చెప్పాలి. మిగతావారు వచ్చే సమావేశంలోపు అదే పాఠాన్ని తమ బడిలో చెప్పి రావాలి. ఏం జరిగిందో అక్కడ మాట్లాడుకోవాలి. ఇద్దరిద్దరు జతలుగా, నెలకు ఒకసారి ఒకరి తరగతికి ఒకరు వెళ్లి చూసుకునే వీలు కల్పిస్తే ఇంకా మంచిది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణలో పాల్గొనాలని చెప్పింది. ఆ గంటలన్నీ మొబైల్‌లో వీడియోలు చూసి సర్టిఫికెట్లు తీసుకోవడంతో నిండిపోవాలన్న నియమం ఏదీ లేదు, ఇలాంటి జత పరిశీలనలను కూడా ఆ గంటల్లో లెక్కించాలని జిల్లా నుంచి కోరాలి.

అసలు చిక్కు సమయం దగ్గర వస్తుంది. మీలాంటి ప్రాథమిక పాఠశాలల్లో చాలా వాటికి ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు ఉంటారు. ఒకరు శిక్షణకు ఓడీ (ఆన్ డ్యూటీ) మీద వెళ్తే రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోవాలి, ఏకోపాధ్యాయ పాఠశాల అయితే తలుపు మూయాలి. దీనికి జిల్లా ముందే సర్దుబాటు చేయకుండా శిక్షణ తేదీలు ప్రకటించడం అన్యాయం. తరగతికి వచ్చి చూడవలసిన సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) లెక్కలు సేకరించి అప్‌లోడ్ చేసే పనిలో తలమునకలై ఉన్నారు. శిక్షణకు కేంద్రం కావలసిన డైట్లలో (జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో) అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. సీఆర్‌పీలకు వారంలో కనీసం రెండు రోజులు ఏ రిపోర్టూ లేకుండా బడుల్లో గడిపే వెసులుబాటు ఇవ్వడానికి కొత్తగా పైసా ఖర్చు కాదు. ఒక ఉత్తర్వు చాలు. మీ సంఘాల ద్వారా మొదట దీన్నే అడగండి.

ప్రశ్న: మా ఊరి బడిలో ఇచ్చిన ప్యానెల్ ఆరు నెలలుగా వెలగడం లేదు. పాఠశాల యాజమాన్య కమిటీ అధ్యక్షుడిగా నేను ఎవరిని అడగాలి? కమిటీ డబ్బుతో బాగు చేయించవచ్చా? – అనంతపురం జిల్లా

జవాబు: ముందుగా హెడ్మాస్టర్ గారితో కలిసి మూడు వివరాలు తీసి పెట్టుకోండి: ప్యానెల్ వెనక ఉన్న సీరియల్ నంబరు, బడికి అందిన తేదీ, వారంటీ గడువు. ఇవి స్టాక్ రిజిస్టర్‌లో ఉండాలి. వారంటీ ఉంటే మీ డబ్బు ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు, బయటి మెకానిక్‌తో వెనక మూత విప్పించవద్దు. విప్పితే వారంటీ చెల్లదని కంపెనీ అనడానికి వీలు చిక్కుతుంది. ఫిర్యాదు ఫోనులో చెప్పి ఊరుకోకుండా, ఫిర్యాదు నంబరు తీసుకుని ఎంఈవో గారికీ, జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికీ రాతపూర్వకంగా పంపండి. కమిటీ తీర్మానం జతచేస్తే ఆ కాగితానికి బరువు వస్తుంది.

కమిటీ డబ్బు మాటకొస్తే, సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏటా రూ. 10 వేలు, 100 మంది వరకు రూ. 25 వేలు, 250 మంది వరకు రూ. 50 వేలు, వెయ్యి మంది వరకు రూ. 75 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న చిన్న మరమ్మతులు, పారిశుద్ధ్యం అన్నీ అందులోనే. తెర పగిలినా, లోపలి బోర్డు కాలినా ఆ గ్రాంటు ఒక మూలకు రాదు. అందువల్ల మరమ్మతు భారం బడి మీద పడకుండా జిల్లా స్థాయి ఒప్పందం ఉండడమే న్యాయం. ఫిర్యాదు అందిన ఇన్ని రోజుల్లో బాగు చేయకపోతే కంపెనీకి జరిమానా అని ఆ ఒప్పందంలో రాసి ఉండాలి. బాగయ్యేదాకా వాడుకోవడానికి మండల కేంద్రంలో ఒకటి రెండు అదనపు పరికరాలు సిద్ధంగా ఉండాలి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గది ఎర్తింగ్, వోల్టేజీ పరీక్ష చేయించి, స్టెబిలైజర్ లేకపోతే పెట్టించండి. ఉరుములు, మెరుపుల రోజుల్లోనూ, వేసవి సెలవుల్లోనూ ప్లగ్ పూర్తిగా తీసి ఉంచే బాధ్యత ఎవరిదో పేరుతో సహా గోడ మీద రాయించండి.

ప్రశ్న: పిల్లలకు ట్యాబులు ఇవ్వడం మంచిదా, బడిలో ఉంచి వాడించడం మంచిదా? మా అమ్మాయికి ట్యాబ్ వచ్చిన కొత్తలో చదువుకుంది, తర్వాత దాంతో ఏం చేస్తోందో మాకు తెలియలేదు. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబులు అందజేసే కార్యక్రమం మొదలుపెట్టింది. కూలిపని చేసుకునే ఇంటి బిడ్డ చేతికి కార్పొరేట్ బడి పిల్లల చేతిలో ఉండే వస్తువు రావడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే వస్తువు చేతికి వస్తే చదువు దానంతట అదే వస్తుందని చూపే ఆధారం ప్రపంచంలో ఎక్కడా బలంగా లేదు. పెరూలో పల్లె బడుల పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని 319 పాఠశాలల్లో పరిశీలించి 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు ఇచ్చిన నివేదికలో, గణితంలో గానీ భాషలో గానీ మెరుగుదల కనిపించలేదు.

దానికి ఎదురుగా ఢిల్లీలో జరిగిన ఒక ప్రయోగం ఉంది. అక్కడ ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలను బడి తర్వాత ఒక కేంద్రంలో కూర్చోబెట్టి, ప్రతి బిడ్డకూ ఆ బిడ్డ ఉన్న స్థాయి నుంచి లెక్కలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో నలభై అయిదు నిమిషాలు, చిన్న గుంపుగా బోధకుడితో మరో నలభై అయిదు నిమిషాలు గడిపించారు. నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ, హిందీలోనూ చెప్పుకోదగిన ప్రగతి కనిపించిందని కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించింది. ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్న చోట వచ్చిన ఫలితం అది. అక్కడ నిర్ణీత సమయం ఉంది, పక్కన మనిషి ఉన్నారు, పాఠం బిడ్డ స్థాయికి తగినట్టు మారింది. ఈ మూడూ ఇంట్లో ఒంటరిగా ఉన్న ట్యాబుకు ఉండవు. అందుకే బడిలో ఉంచి టైంటేబుల్ ప్రకారం వాడించడమే మేలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. మన ట్యాబుల్లో పాఠాలు పెట్టిన బైజూస్ సంస్థపై 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. పిల్లలు చదివే పాఠం ఒక కంపెనీ ఆరోగ్యం మీద ఆధారపడకూడదు. కంపెనీ ఉన్నా లేకపోయినా పాఠాలు పనిచేస్తూనే ఉండాలనీ, వాటి హక్కు విద్యాశాఖకు దఖలు పడాలనీ ఒప్పందంలోనే రాయించుకోవాలి. మీ అమ్మాయి సంగతి మాత్రం నింద వేసే ధోరణిలో కాకుండా, రోజూ ఒక అరగంట పక్కన కూర్చుని ఈరోజు ఏం చూశావో నాకు చెప్పు అని అడగడంతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా స్కూల్ డిస్ట్రిక్ట్ టెక్నాలజీ కోసం బాండ్ (ఓటర్ల ఆమోదంతో తెచ్చే అప్పు) ప్రతిపాదించి, తల్లిదండ్రుల అభిప్రాయం అడుగుతోంది. సమావేశానికి వెళ్తే ఏం అడగాలి? – ఒక తండ్రి

జవాబు: తప్పకుండా వెళ్లండి, మనవాళ్లు ఇలాంటి సమావేశాలకు తక్కువగా వెళ్తారు. మీ రాష్ట్రంలో 2019 చట్టం తర్వాత పరికరాల కొనుగోలుకు సంబంధించిన బాండ్ ప్రతిపాదన చాలా వరకు బ్యాలెట్‌లో విడిగా కనిపించాలి. బాండ్ డబ్బుతో పరికరాలు కొనవచ్చు గానీ జీతాలు, రోజువారీ నిర్వహణ ఖర్చు దానిలో నుంచి పెట్టడానికి వీల్లేదు. అవి డిస్ట్రిక్ట్ నిర్వహణ బడ్జెట్‌లో నుంచి రావాలి. అందుచేత మొదట అడగవలసింది, ఈ పరికరాలను వాడడం ఉపాధ్యాయులకు నేర్పే మనుషుల జీతం ఏ బడ్జెట్‌లో ఎంత ఉందని. 2002లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ విద్యా చట్టం, తాను టెక్నాలజీకి ఇచ్చే నిధుల్లో కనీసం 25 శాతం ఉపాధ్యాయ శిక్షణకు పెట్టాలని డిస్ట్రిక్టులకు షరతు పెట్టింది. ఆ పథకానికి నిధులు ఆగిపోయి చాలా ఏళ్లయింది, అయినా ఆ వంతును మీరు కొలమానంగా పట్టుకోవచ్చు.

2013లో లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ ఆరు లక్షలకు పైగా విద్యార్థులందరికీ ఐప్యాడ్లు ఇవ్వాలని తలపెట్టిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. నెట్‌వర్కుతో కలిపి 130 కోట్ల డాలర్ల ప్రణాళిక అది. పంచిన కొద్ది రోజుల్లోనే పిల్లలు అందులోని అడ్డుకట్టలు దాటేశారు, పాఠ్యాంశాలు పూర్తి కాకముందే కొనుగోలు జరిగిందన్న విమర్శ వచ్చింది, 2014 ఆగస్టుకల్లా ఒప్పందం ఆగిపోయింది. కాబట్టి, ఒకేసారి అన్ని బడులకూ ఇస్తారా లేక కొన్నింటిలో ఏడాది నడిపి చూస్తారా, నడిపి చూసిన ఫలితం ప్రజల ముందు పెడతారా, నాలుగైదేళ్లకు పరికరాలు పాతబడినప్పుడు ఏం చేస్తారు, పిల్లల వివరాలు ఎవరి చేతికి వెళ్తాయి అన్నవి అడగండి. జవాబులు సమావేశం మినిట్స్‌లో చేర్చమని కోరండి.

ప్రశ్న: నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్యానెల్ ముందు నిలబడితే పిల్లల ముందు తడబడతానేమోనని భయం. ఈ వయసులో నేర్చుకోవడం అవసరమా? – ఒక స్కూల్ అసిస్టెంట్, విజయనగరం జిల్లా

జవాబు: మాస్టారూ, మీకు తెలిసిన చరిత్ర, భూగోళం ఆ ప్యానెల్‌కు తెలియవు. వయసులో చిన్నవారికి మీట నొక్కడం త్వరగా వస్తుంది గానీ, ఏ పటం ఎప్పుడు చూపాలో, దాని మీద ఏ ప్రశ్న వేస్తే తరగతి మొత్తం ఆలోచనలో పడుతుందో మీకున్నంత బాగా వారికి తెలియదు. మీ బడిలోని కొత్త ఉపాధ్యాయుల్లో ఒకరితో జత కట్టండి. పరికరం సంగతి వారు చూస్తారు, పాఠం సంగతి మీరు చెబుతారు. ఇద్దరికీ మేలే. తొమ్మిదో తరగతిలో ప్యానెల్ నడపడం వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు, వారిని ఆ పనికి పిలవడానికి మొహమాటపడకండి. గురువుగారు మమ్మల్ని అడిగారని వారు సంతోషిస్తారే తప్ప మిమ్మల్ని తక్కువగా చూడరు.

ఒకేసారి అన్నీ నేర్చుకోవాలని పెట్టుకోవద్దు. ఈ నెలకు ఒక్క పాఠం చాలు. నైరుతి రుతుపవనాల పాఠం ఉందనుకోండి, భారతదేశ పటం తెర మీద పెట్టి, గాలులు ఎటునుంచి వస్తాయో పిల్లల చేతే వేలితో గీయించండి. పడమటి కనుమల దగ్గర ఆ గీతను ఆపించి, అవతలి వైపు వాన ఎందుకు తగ్గుతుందని అడగండి, రాయలసీమ సంగతి అక్కడి నుంచి వారే అందుకుంటారు. ముందు రోజు సాయంత్రం బడి వదిలాక ఒక పావుగంట ఖాళీ గదిలో ఆ పటాన్ని తెరవడం, పెద్దది చేయడం, గీత చెరిపేయడం అనే మూడు పనులు మాత్రం రెండుసార్లు చేసి చూసుకోండి. కరెంటు పోయినా పాఠం ఆగకుండా గోడ పటం ఒకటి చేతిలో ఉంచుకుని తరగతికి వెళ్లండి.